సీసాల మీది, జాడీల మీది గుర్తులు : ఒక పరిభాషావిచారణము

తెలుగునాట పాతవస్తువులను గూర్చి వ్రాయువారు పాత్రపై కనబడు ప్రతి చిహ్నమును ‘ముద్ర’ యనియే వ్యవహరించుచున్నారు. సోడాసీసా భుజముమీద ఉబ్బుగా నిలిచిన అక్షరములు ముద్ర. ఊరగాయజాడీ అడుగున లోతుగా దిగిన అంకె ముద్ర. తవ్వకములలో దొరకిన కుండపెంకుపై గీరియున్న త్రిశూలాకారము ముద్ర. తుదకు అంటించిన కాగితపుచీటీ సైతము ఒక్కొక్కచోట ముద్రయే. ఒక్కపదముతో ఇన్ని పనులు జరుగుచున్నవి గదా యని సంతోషించుటకు వీలులేదు. ఈ పదముచేత మేము స్వయముగా మోసపోతిమి. ఆ ముచ్చటను ముందుగా చెప్పి పిమ్మట శాస్త్రవిషయమునకు వచ్చెదము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడువరకు కృష్ణాజిల్లాలోని మెట్టసీమగా ప్రసిద్ధములు. ఒకదానికి పాలేరు, మరియొకదానికి మునియేరు సమీపమున ప్రవహించును. జగ్గయ్యపేట పూర్వము బేతవోలను పల్లె. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్యపేర దీనిని పేటగా నిర్మించెను. నైజాము సరిహద్దునకు దగ్గరగా, హైదరాబాదు నుండి బెజవాడకు పోవు బాటమీద నుండుటచే ఇది వర్తకస్థానమైనది. బాటవెంట వచ్చిన సరకులతోబాటు వానిని మోసితెచ్చిన సీసాలు, జాడీలు, సిరాబుడ్లు ఈ ఇండ్లలో నిలిచిపోయినవి. సరకు ఖర్చయిన పిమ్మట పాత్రను పారవేయుట మనవారికి అలవాటు లేదు గదా! ఔషధపుసీసాలో ఆముదము, ఆమ్లపుజాడీలో ఉప్పు చేరును.

కొన్ని యేండ్ల క్రిందట మేము, మా పరిశోధకవిద్యార్థులు కొందరును కలిసి ఈ రెండు పట్టణములలోను, చుట్టుపట్ల పల్లెలలోను గల పాత జాడీలకు, సీసాలకు ఒక పట్టిక సిద్ధము చేసితిమి. పట్టికలో ‘ముద్ర’ యని ఒక గడి యుంచి, అందు కనబడిన అక్షరములను వ్రాయించితిమి. జగ్గయ్యపేటలోని ఒక జాడీకి ఎదురుగా ‘రా — తెలుగు అక్షరము’ అని యుండెను. గోధుమవన్నె మెరుగుపూత గల గట్టిజాడీ. దానిపై తెలుగు ముద్ర! ఇంతకన్న ఏమి కావలెను? మెరుగుపూతజాడీలను తెలుగు కుమ్మరులే చేసి, తమ అక్షరమును ఒత్తుచుండిరని ఒక సదస్సులో వాదించితిమి. వినినవారు మెచ్చుకొనిరి కూడ.

రెండేండ్లకు ఛాయాచిత్రము కొరకు మరల పోయినప్పుడు ఆ జాడీని వెలుతురునకు తెచ్చి చూచితిమి. ‘రా’ యను అక్షరము మెరుగుపూతను చీల్చుకొని లోనికి దిగియున్నది. గాడిలో పూత లేదు. లోపలి తెల్లనిమట్టి కనబడుచున్నది. గాడి అంచులు పెళ్లలుగా రాలియున్నవి. ఇంటి పెద్దామె నవ్వి, “అది మా అత్తగారి పేరు బాబూ! ఆవకాయరోజుల్లో జాడీలు ఇరుగుపొరుగుకి పోయేవి. కలిసిపోకుండా ఆకురాయితో గీయించింది” అని చెప్పినది. మా వాదము ఆ ఒక్కమాటతో కూలినది. అంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి కలదు. పట్టికలోని తక్కిన జాడీలలో పెక్కు అప్పటికే ఇండ్లు కూల్చుటలోను, పాతసామానుల వర్తకుల చేతులలోను పోయినవి. వానికెదురుగా మేము వ్రాసికొన్న ‘ముద్ర’ యను మాట ఒత్తినదో, గీరినదో, అచ్చువేసినదో ఇక తేల్చు మార్గము లేదు. వస్తువు పోయినను మాట మిగులును. ఆ మాట వస్తువును చూపజాలనప్పుడు పట్టిక యుండియు లేనట్లే.

ఆంగ్లదేశమున, అమెరికాలో సీసాలను సేకరించువారు ఈ విషయమున మనకంటె మిక్కిలి జాగరూకులు. వారిలో అనేకులు పండితులు కారు. చెత్తదిబ్బలు త్రవ్వి ఆదివారములు గడపువారు. అయినను ఉబ్బుగా నున్నదానిని ఒక పేరుతోను, ఒత్తినదానిని మరియొక పేరుతోను, గీచినదానిని, ముద్రించినదానిని వేరువేరు పేర్లతోను పిలుతురు. ఏలయన వారు వెలపెట్టి కొనువారు. పొరబడినచో నష్టము చేతికి తగులును. మనకు నష్టము వ్యాసములలో దాగియుండును.

మృణ్మయపాత్రల విషయమున మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: గుర్తు పడినప్పుడు మట్టి పచ్చిగా నుండెనా, కాలియుండెనా? దీనికి మనము క్రొత్తగా సంస్కృతసమాసములను కల్పింప నక్కరలేదు. కుమ్మరి తన నోటనే ‘పచ్చికుండ’ యనుచున్నాడు. ఆవములోనికి పోనిది పచ్చికుండ. కావున పచ్చిమట్టిలో బిళ్లతో ఒత్తినదానిని ‘పచ్చియొత్తు’ అనియు, పుల్లతో గీచినదానిని ‘పచ్చిగీత’ యనియు, కాలిన పిమ్మట ఇనుపమొనతో చేసినదానిని ‘గీరు’ అనియు వ్యవహరించుట మేలని మాకు తోచుచున్నది. ఈ మూటిని కంటితోను, గోటితోను గుర్తింపవచ్చును. పచ్చియొత్తులో అక్షరపు అడుగు సమతలముగా నుండి, చుట్టును మట్టి కొంచెము ఒదిగినట్లుండును. మెరుగుపూత అక్షరములోనికి పారి నిండును. పచ్చిగీతకు ఇరుప్రక్కల త్రవ్విన చాలునకువలె సన్నని గట్లు లేచును. గీరునకు గట్లు లేవు. అంచులు చిట్లియుండును, గాడిలో పూత యుండదు. మా ‘రా’ విషయమున ఈ మూడు లక్షణములును కండ్లయెదుటనే యున్నవి. చూడవలసిన చూపు మాకు లేకపోయినది.

మెరుగుపూత స్వభావమును కూడ ఇచ్చట కొంత తెలిసికొనవలెను. పాత ఆంగ్లజాడీలలో ఒక తెగకు ఉప్పుమెరుగు. ఆవము మిక్కిలి వేడియైనప్పుడు ఉప్పు చల్లగా దాని ఆవిరి మట్టితో కలిసి గాజుపొరగా నేర్పడును. నారింజతొక్కవలె సన్నని గుంటలుండుట దాని లక్షణము. 1835 ప్రాంతమున బ్రిస్టలు నగరమున విలియం పవెల్ అనునాతడు ద్రవరూపమున పూయదగిన మెరుగును ప్రచారమునకు తెచ్చెను. పైభాగము పసుపుపచ్చ, క్రిందిభాగము మీగడవన్నెగా నుండు రెండురంగుల జాడీలు ఈ పూతకు చెందినవి. ఇట్టి నునుపుతలము లభించినందున నల్లని అచ్చుబొమ్మలు, వర్తకుల పేర్లు జాడీలపై వేయుట సులభమైనది. రాగిపలకనుండి పలుచని కాగితముమీదికి, కాగితమునుండి జాడీమీదికి ఆ బొమ్మ దిగును. దీనిని ‘కాగితపుటచ్చు’ అనవచ్చును. గోటితో తడవినచో ఎత్తుపల్లములు తెలియవు. ఇది ఒత్తును కాదు, గీరును కాదు.

ఈ భేదము కేవలము ఊరగాయజాడీలకు సంబంధించినదని తలంపరాదు. 1917లో గులాం యజ్దానీగారు హైదరాబాదు పురావస్తుసంఘపు పత్రికలో దక్కను బృహచ్ఛిలాసమాధులలో లభించిన కుండలమీది చిహ్నములను గూర్చి ప్రకటించి, వానిలో కొన్నింటికి ప్రాచీనలిపులతో గల పోలికలను చూపిరి. 1960 నాటి ‘ఏన్షియంట్ ఇండియా’ 16వ సంచికలో బి. బి. లాల్‌గారు అట్టి చిహ్నములనే హరప్పా, తామ్రశిలాయుగ చిహ్నములతో సరిపోల్చిరి. ఈ గుర్తులకు ఆంగ్లమున వాడు ‘గ్రాఫిటీ’ యను మాట ఇటాలియను భాషలో గీరుడునకు పేరు. అది ఎట్లు చేసిరో మాత్రము చెప్పును. ఎవరు చేసిరో, ఎందుకు చేసిరో చెప్పదు. ఆ మాటలోని మంచితనమంతయు అదియే. దక్షిణదేశపు బృహచ్ఛిలాసమాధుల కుండలపై నున్నవి చాలవరకు కాలిన పిమ్మట గీరినవే. వానిని తెలుగులో ‘కుమ్మరిముద్రలు’ అనినయెడల, పరిశోధనకు ముందే తీర్పు చెప్పినట్లగును. కాలినకుండను గీరినవాడు కుమ్మరియే కానక్కరలేదు. కొనుక్కొన్నవాడు కావచ్చును, సమాధిలో నుంచినవాడు కావచ్చును.

పచ్చియొత్తునకు గల బలమెంతటిదో అరికమేడు తెలుపుచున్నది. 1945లో మార్టిమర్ వీలర్ ఆ స్థలమును త్రవ్వించినప్పుడు ఇటలీలోని అరెజ్జో ప్రాంతపు ఎఱ్ఱని నునుపుపెంకులు దొరకినవి. కొన్నింటి అడుగున ‘వీబీ’, ‘కాముర్’, ‘ఇత్తా’ యను కుమ్మరుల పేర్ల ఒత్తులు కలవు. ఆ పాత్రల తయారీకాలము ఇటలీలో తెలిసినదగుటచే క్రీస్తుశకము మొదటిశతాబ్ది పూర్వార్ధమునకు సంబంధించిన ఒక మేకు దక్షిణభారతచరిత్రలో దిగినది. దక్కనులోను, తీరాంధ్రమునను గల పెక్కు బౌద్ధస్థలముల పెంకులకు కాలము కట్టుటలో ఆ మేకునే ఆధారముగా పట్టుకొనిరి. అదే స్థలమున తమిళబ్రాహ్మీ అక్షరములు గీరిన పెంకులును లభించినవి. మొదటివి చేసినవానిని చూపును; రెండవవి వాడినవానిని చూపును. రెండింటిని ‘ముద్ర’ యనినచో ఇటలీకుమ్మరియు, అరికమేటి గృహస్థును ఒక్కరే యగుదురు!

గాజునకు పచ్చి, కాలుట యను భేదము లేదు. కరగిన ముద్దను గొట్టముతో ఊది, రెండు దళముల అచ్చులో బిగింతురు. అచ్చులో లోతుగా, తలక్రిందుగా చెక్కిన అక్షరము సీసాపై ఉబ్బి నిలుచును. దీనికి ‘అచ్చక్షరము’ అనదగును గాని, తెలుగున అచ్చు అను మాటకు ఇప్పటికే బరువు ఎక్కువ: వ్యాకరణమున అది స్వరము, ముద్రణాలయమున అది ముద్రణము, సాలెవాని మగ్గమున అది నూలుపోగులను దువ్వు సాధనము. కావున ‘ఉబ్బక్షరము’ అనుటయే స్పష్టము. సీసా అవయవములకు మనవారు పెట్టిన పేర్లు ఎంతయు సహజములు: మూతి, మెడ, భుజము, పొట్ట, అడుగు. అచ్చుదళములు కలిసినచోట నిలువుగా కనబడు గీతకు ‘అతుకు’ చాలును. యంత్రములకు పూర్వము సీసాను అడుగున ఇనుపకడ్డీతో పట్టి మూతిని తీర్చెడివారు. కడ్డీ విరుచగా మిగిలిన గరుకుమచ్చను మా విద్యార్థి యొకడు ‘బొడ్డు’ అనెను. తల్లినుండి వేరైనచోటు గనుక ఇంతకన్న తగిన పేరు మాకు కనబడలేదు.

మెట్టసీమ ఇండ్లలో కనబడు సీసాలలో గోలీసోడాసీసాకు విశేషస్థానము కలదు. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయ యంత్రనిపుణుడు 1872 నాటికి దీనిని పరిపూర్ణము గావించెను. సీసాను తలక్రిందుచేసి నింపగా వాయువు గోలీని మూతిలోని రబ్బరుకట్టునకు అదిమిపట్టును. త్రాగునప్పుడు గోలీ అడ్డుపడకుండ మెడలో రెండు నొక్కులుండును. ఇట్టి ఆంగ్లసీసాలలో కొన్నింటిపై మూడు పేర్లు చూడవచ్చును: కాడ్ పేటెంటు అని ఒకటి, బార్న్‌స్లీ నగరపు డాన్ రైలండ్స్ అని మరియొకటి, సోడానింపు వర్తకుని పేరు ఇంకొకటి. మొదటివాడు ఉపాయమునకు స్వామి, రెండవవాడు గాజు చేసినవాడు, మూడవవాడు సరకునకు స్వామి. మూడు పేర్లును ఉబ్బక్షరములే, ఒకే అచ్చులోనివే. అనగా గుర్తు చేసిన పద్ధతినిబట్టి గుర్తునకు స్వామి యెవరో తేలదు. కొన్ని సీసాలలో వర్తకుని పేరుచుట్టును సన్నని గుండ్రని అతుకు కనబడును. అచ్చులోని చిన్నపలకను మాత్రము మార్చి, అదే అచ్చుతో వేరువేరు వర్తకులకు సీసాలు చేసెడివారనుటకు అది నిదర్శనము. అట్టి పలకగీతను విడువక పట్టికలో వ్రాయవలెను.

ఇచ్చట పాశ్చాత్యసేకర్తల సూత్రమొకటి మన విద్యార్థులను తప్పుత్రోవ పట్టించుచున్నది. అతుకు మూతియంచు వరకు పోయినచో యంత్రపుసీసా యనియు, మెడలోనే ఆగినచో పాతసీసా యనియు వారందురు. 1903 ప్రాంతమున మైకేల్ ఓవెన్స్ స్వయంచాలకయంత్రము వచ్చినదగుటచే వారి దేశములలో సామాన్యసీసాల విషయమున ఇది చాలవరకు నిజమే. గోలీసీసాకు మాత్రము ఈ సూత్రము పనికిరాదు. గోలీని లోన వేసిన పిమ్మటగాని మూతిని తీర్చుటకు వీలులేదు. రబ్బరుకట్టు కూర్చుండు గాడియు అప్పుడే చేయవలెను. కావున అతుకు మూతిని చేరకుండుట దానికి సహజము. పైగా ఇతరదేశములలో ఈ సీసా చాలవరకు మరుగున పడిన పిమ్మటగూడ ఉత్తరప్రదేశపు గాజుకార్ఖానాలలో దీని తయారీ సాగినది. మెడలో ఆగిన అతుకును చూచి నందిగామ సోడాసీసాను విక్టోరియారాణి కాలమునకు పంపుట సాహసము.

పచ్చియొత్తులలోను ఇట్టి చిక్కు కలదు. డర్బీ సమీపమున డెన్బీలో జె. బోర్న్ అండ్ సన్ వారు చేసిన సిరాజాడీలపై ఆ కుమ్మరికార్ఖానా పేరుతోబాటు లండనులోని పి. అండ్ జె. ఆర్నల్డ్ అను సిరావర్తకుల పేరును ఒకే బిళ్లలో ఒత్తియుండును. రెండును పచ్చియొత్తే, ఒకడు చేసినవాడు, ఒకడు చేయించుకొన్నవాడు. కావున ‘కుమ్మరిముద్ర’ యను మాటను వర్ణనలో వాడక, నిర్ణయములో మాత్రమే వాడవలెనని మా అభిప్రాయము. ముందు గుర్తు ఎట్లు పడినదో వ్రాసి, అది యెవరిదో వేరుగడిలో వ్రాయవలెను. రెండవగడి ఖాళీగా నుండుట అవమానము కాదు.

మన ఇండ్లలోని ఇత్తడిసామానులే ఈ వివేకమును నేర్పగలవు. బిందెమీద చుక్కలుచుక్కలుగా కొట్టించిన పేరు కంచరివాని పేరు కాదని చిన్నపిల్లలకును తెలియును. ఒక్కొక్కప్పుడు అది ఇంటివారి పేరును కాదు. పెండ్లిలో చదివించినవారి పేరు. చేసినవాడు, ఇచ్చినవాడు, ఉంచుకొన్నవాడు అని ముగ్గురు కలరు. ఇత్తడిబిందె విషయమున తడబడని మనము జాడీవద్ద ఏల తడబడవలెనో!

జగ్గయ్యపేట స్తూపమును ఈ సందర్భమున స్మరింపకుండ నుండలేము. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించి, 1887లో అమరావతీస్తూపముతోబాటు గ్రంథరూపమున ప్రకటించిన ఆ స్థలమున ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షపు శాసనము దొరకినది. నాగచంద్రుని కుమారుడగు సిద్ధార్థుడు వేలగిరియందలి మహాచైత్యమున తూర్పుద్వారమువద్ద ఆయకస్తంభములను నిలిపినట్లు అది చెప్పును. తండ్రికిని, కొడుకునకును ‘ఆవేసని’ యను విశేషణము గలదు. శిల్పియనియు, శిల్పులపై అధికారియనియు దానికి అర్థము చెప్పుదురు. సిద్ధార్థుడు పనివాడే గాని శాసనమున అతని పేరు దాతగా వచ్చినది. స్తంభమును చెక్కినచేయి అతనిదే యని ఆ పేరును మాత్రము చూచి చెప్పరాదు. మా ‘రా’ జాడీనుండి ఈ శాసనము దొరకిన గుట్టకు నడచిపోవచ్చును; చిక్కు మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

ఇక సంవత్సరములు. పాత్రపై అంకెలు కనబడగానే మనకు ప్రాణము లేచివచ్చును. 1842 నుండి 1883 వరకు ఆంగ్లదేశమున నమోదైన ఆకృతులకు వజ్రాకారపు గుర్తు వేసెడివారు. దాని మూలలలోని అక్షరములు, అంకెలు సంవత్సరమును, మాసమును, దినమును తెలుపును. 1884 నుండి వట్టి క్రమసంఖ్యలు వచ్చినవి. అయితే అవి ఆకృతిని నమోదు చేసిన తేదీకి సంబంధించినవి, ఆ పాత్రను చేసిన తేదీకి కావు. పాత్ర అంతకుముందుది కాదని మాత్రము చెప్పవచ్చును. ఎంత తరువాతిదో చెప్పలేము. ఇంతకన్న మోసకరమైనది ఇంటికప్పు. బాసెల్ మిషన్ వారి మంగళూరుపెంకులపై ‘1865’ అను పచ్చియొత్తు కలదు. అది కార్ఖానా స్థాపించిన యేడు. దశాబ్దముల పిమ్మట చేసిన పెంకులపైని కూడ అదియే యుండును. అట్టి పెంకును చూపి, తమ మేడ 1865 నాటిదని నందిగామవైపు ఒక గృహస్థుడు మాతో దృఢముగా వాదించెను. ఆయనను తప్పుపట్టలేము. మేము అక్షరమును చూచి కుమ్మరిని కల్పించితిమి. ఆయన అంకెను చూచి ముత్తాతను మేడ యెక్కించెను.

దేశనామములు కొంత మేలు. 1889 నాటి భారత వాణిజ్యచిహ్నముల చట్టము తప్పుడు వర్ణనలతో సరకు అమ్ముటను నిషేధించినది. ఆంగ్లవర్తకుని పేరుతో అన్యదేశపు సరకు వచ్చినచో ఆ దేశము పేరు వేయవలసివచ్చినది. అందుచేత దేశనామము గల పాత్ర అంతకుముందుదై యుండుట అరుదు. దేశనామము లేనంతమాత్రమున పాతదనుట మాత్రము చెల్లదు.

పరిభాషను గూర్చి ఒక ఆక్షేపణ రావచ్చును. పచ్చియొత్తు, గీరు, బొడ్డు అను మాటలు విశ్వవిద్యాలయపు గౌరవమునకు తగవనియు, ‘నిమ్నాక్షరము’, ‘ఉన్నతాక్షరము’ వంటివి యుండవలెననియు మా సహాధ్యాపకులు కొందరు సెలవిచ్చిరి. నిమ్నాక్షరమనినచో లోతు తెలియును గాని, ఆ లోతు ఎప్పుడు పడినదో తెలియదు. ‘రా’ యును నిమ్నాక్షరమే. డెన్బీవారి ఒత్తును నిమ్నాక్షరమే. మా తప్పు తిరిగి సంస్కృతవేషమున వచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము రైతుల మాటలకును, 1971లో వచ్చిన ద్వితీయసంపుటము నేతగాండ్ర మాటలకును విద్వల్లోకమున స్థానము కల్పించినవి. కుమ్మరివాని పచ్చికుండకు ఆ పీట నిరాకరించుటకు కారణము కనబడదు.

ఇప్పుడు పట్టికను మరల వ్రాయించుచున్నాము. చేజారిన జాడీల యెదుట ‘ముద్ర’ యను మాటను కొట్టివేసి, ‘గుర్తు, విధము తెలియదు’ అని వ్రాయవలసివచ్చినది. మిగిలినవానిని ఒక్కొక్కదానిని వెలుతురునకు తెచ్చి, గోటితో తడవి చూచుచున్నాము. జగ్గయ్యపేట జాడీకి ఎదుట ఇప్పుడున్న వ్రాత యిది: గోధుమవన్నె మెరుగుపూత, అడుగున ‘3’ అను అంకె, పచ్చియొత్తు, భుజమున ‘రా’ అను తెలుగు అక్షరము, గీరు, ఇంటివారి గుర్తు. అమ్ముదురా యని మావెంట వచ్చిన వర్తకుడొకడు అడుగగా, లోన మాగాయ యున్నదని చెప్పి పెద్దామె జాడీని తిరిగి అటుకెక్కించినది.